ఘాటేలే అన్నాను

మా అంగన్‌వాడీ గుమ్మం పక్కన ఒక స్టీలు గిన్నె ఉండేది. మిరప కోతలు మొదలైన రోజు నుంచి అయిపోయే దాకా అందులో పుల్లటి మజ్జిగ పోసి ఉంచేదాన్ని. గిన్నె నాది, మజ్జిగ మా ఇంటిది, ఆలోచనా నాదే. పొద్దుటి నుంచి కాయ కోసిన తల్లి ఆ చేతులతోనే పిల్లను ఎత్తుకుని మొహం తుడిస్తే ఏమవుతుందో ఈ వైపు పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉత్త సబ్బుకు ఆ మంట పోదు. అందుకని తల్లులు ముందు మజ్జిగలో చేతులు ముంచి బాగా రుద్దుకుని, తర్వాత సబ్బు పెట్టి కడుక్కుంటేనే పిల్లను అప్పజెప్పేదాన్ని. "టీచరమ్మ చేతులు వాసన చూసిగానీ బిడ్డనివ్వదు" అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వంటే నాకు ఇష్టం. ఒకసారి మా సూపర్‌వైజరు మీటింగులో అందరి ముందూ నా గిన్నె గురించి చెప్పింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన పొగడ్త అదొక్కటే. దాన్ని చాలా కాలం పొదుపుగా వాడుకున్నాను.

ఆ తర్వాత మా ఊళ్లోని రెండు అంగన్‌వాడీ కేంద్రాలను కలిపేసి, ఊరి బడి ఆవరణలోనే ఒక పెద్ద గదిలో పెట్టారు. కాలనీ కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి నాతోపాటు అదే గదిలోకి వచ్చింది. వినుకొండ వైపు పిల్ల, మా ఊరి కోడలు. డిగ్రీ చదివింది. చిన్నపిల్లలకు పాఠం చెప్పడంలో శిక్షణ కూడా పూర్తి చేసింది. వయసు నా కూతురంత. మొదటి వారంలోనే పిల్లలు నాకు పెద్ద టీచరని, ఆమెకు చిన్న టీచరని పేర్లు పెట్టేశారు. పెద్ద అనడంలో గౌరవముంది కదా అని రెండు రోజులు సంతోషపడ్డాను.

మూడో రోజు నుంచి నాకు వేరే పని పట్టుకుంది. పొద్దున గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లల్లో ఎవరు ఎవరి దగ్గరకు పోతున్నారో చూడటం. నా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా చెప్పులు విప్పేంతసేపే ఉండి ఆమె దగ్గరకు పోయేవాళ్లు. ఆమె నేల మీద కూర్చునేది. నాకు మోకాళ్ల నొప్పులు, కుర్చీ కావాలి. నేల మీద కూర్చున్న మనిషి ఒళ్లోకి ఎక్కడం తేలిక, అంతేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు పంతం పట్టి, మోకాళ్లకు నూనె రాసుకుని వెళ్లి నేనూ కింద కూర్చున్నాను. ఇద్దరు పిల్లలు నా దగ్గరకొచ్చి వంగి చూసి, "పడిపోయావా పెద్ద టీచర్?" అని అడిగారు. మా ఆయా గోడవైపు తిరిగి నవ్వుకుంది.

ఆ అమ్మాయికి కొన్ని అలవాట్లు ఉండేవి. అవి మంచి అలవాట్లని తెలిసే కొద్దీ నాకు ఒళ్లు మండేది. పిల్లవాడి ముక్కు తుడవాలంటే "తుడవనా నాన్నా?" అని అడిగి, వాడు తల ఊపాక తుడిచేది. ఏ పిల్ల గురించీ ఇంకొకళ్ల ముందు మాట్లాడేది కాదు. ఎవరైనా తల్లి వచ్చి పక్కింటి పిల్లాడి సంగతి తీస్తే "అది వాళ్లమ్మతో మాట్లాడతానండి" అని నవ్వి ఊరుకునేది. నేనైతే ఎవరి పిల్ల చాప తడిపిందో, ఎవరి పిల్లాడు కొరికాడో గుమ్మంలో నిలబడి ఊరంతా వినేలా చెప్పేదాన్ని. అది కలుపుగోలుతనమని అనుకునేదాన్ని. ఈమె పక్కన అదే పని నోటి దురుసులా కనిపించడం మొదలైంది. నా తప్పేమీ ఎత్తిచూపలేదు, ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది, తిరిగి అనేదాన్ని.

ఇదంతా నేను తట్టుకునేదాన్నేమో, ఆ పాప లేకపోతే.

పాపకు నాలుగేళ్లు. వాళ్లమ్మ కూలికి పోయే మనిషి. ఆమె కడుపుతో ఉన్నప్పుడు గుడ్లూ పాలూ ఇచ్చింది నేను. పాప పుట్టాక మొదటిసారి బరువు తూచింది నేను. రెండో ఏడు నుంచీ మధ్యాహ్నం నా కొంగు చివర నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. కొంగు తడిసిపోతే తిట్టేదాన్ని, మర్నాడు మళ్లీ అదే కొంగు ఇచ్చేదాన్ని. చిన్న టీచరు వచ్చిన నెలకు ఆ పిల్ల చాప మీద ఆమె చున్నీ పట్టుకుని పడుకుంది. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. నా కొంగు పొడిగా ఉంది. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. నాలుగేళ్ల పిల్ల నన్ను వదిలేసి పోయిందని, దానికి నేను కుళ్లుకుంటున్నానని ఏ మొహంతో చెప్పను?

మర్నాడు పిల్లలు ఇష్టపడే బొమ్మల కార్డులన్నీ బీరువా పై అరలో పెట్టి తాళం వేశాను. నలిగిపోతున్నాయని చెప్పాను. చిన్న టీచరు పాత కాగితాలు చుట్టి గొట్టాలు చేసి, ఒక కంటికి పెట్టుకుని దూరంగా ఉన్నవి చూసే ఆట మొదలుపెట్టింది. పిల్లలు కార్డుల ఊసే ఎత్తలేదు.

ఆ ఆటలోనే ఆమె కనిపెట్టింది.

జనవరి నడుస్తోంది. మొదటి కోతలు జోరుగా ఉన్నాయి. ఊళ్లో ఏ వీధిలో నిలబడినా తుమ్ములే. సాయంత్రం పిల్లలందరూ వెళ్లిపోయాక, ఆయా కూడా గిన్నెలు కడగడానికి పంపు దగ్గరకు పోయాక, చిన్న టీచరు నా బల్ల దగ్గరకు వచ్చింది.

"టీచరుగారూ, ఒక్క మాట చెప్పొచ్చాండి?"

"చెప్పమ్మా."

"పాప ఎడమ కన్ను సరిగా కనపడట్లేదేమో అనిపిస్తోందండి. గొట్టం కుడి కంటికి పెడితే అన్నీ చెబుతోంది. ఎడమ కంటికి పెట్టి, కుడి కన్ను నేను చేత్తో మూస్తే ఏడుస్తోంది, నా చెయ్యి లాగేస్తోంది. మూడు రోజులు చూశానండి. ఎండలోకి వస్తే ఆ కన్నే మూసుకుంటోంది, ఆ కన్నే నలుపుకుంటోంది."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, మంచి నవ్వు కాదు.

"కోతల సీజనమ్మా ఇది. వాళ్లమ్మ పొద్దస్తమానం చేలో ఉంటది. ఈ రోజుల్లో కళ్లు ఎర్రబడని పిల్ల ఊళ్లో ఉందా? ఘాటేలే."

"అయ్యుండొచ్చండి. కానీ ఘాటైతే రెండు కళ్లూ నలుపుకోవాలి కదండీ?"

"నువ్వెప్పుడన్నా కాయ కోశావా?"

"లేదండి."

"మరి నాకు చెప్పమాక."

ఆమె మొహం చిన్నబోయింది. అయినా వెళ్లిపోలేదు. ఆసుపత్రికి పంపే చీటీ అప్పటికే రాసి పెట్టుకుంది. దాన్ని నా బల్ల మీద పెట్టి, "మీరు ఇంకోసారి చూసి సంతకం పెట్టండి. వాళ్లమ్మకు మీరే చెబితే బాగుంటుందండి, మీ మాటంటే ఆమెకు గురి" అంది. అంటే తనకు తానుగా పోయి తల్లికి చెప్పలేదు. నన్ను దాటిపోలేదు. నా మర్యాద కాపాడింది. దానికి కూడా నాకు కడుపు మండింది. ఆ చీటీని బరువుల పుస్తకంలో అట్ట వెనక దోపాను.

నిజం ఒప్పుకోవాలి. ఆమె మాట నేను నమ్మలేదని కాదు. ఎండలో పాప ఒక కన్ను మూసుకోవడం నేనూ చూశాను, అంతకు ముందు ఏడాది కూడా చూశాను. రెండేళ్లు నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల కంట్లో లోపాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి కాగితపు గొట్టంతో మూడు రోజుల్లో పట్టేసిందంటే, ఇన్నాళ్లూ నేను చూసిందేమిటి? ఆ చీటీ మీద సంతకం పెడితే ఆ ప్రశ్న కింద సంతకం పెట్టినట్టే. అది నావల్ల కాలేదు.

ఫిబ్రవరిలో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే బండి వచ్చింది. ఆ మూడు రోజులూ చిన్న టీచరు గుంటూరులో శిక్షణకు పోయింది. పొద్దున్నే ఫోన్ చేసి, "పాప కన్ను ఒకసారి గట్టిగా అడిగి చూపించండి టీచరుగారూ" అని చెప్పింది. ఊఁ అన్నాను. వచ్చిన డాక్టరు కుర్రవాడు. ముందు ఇంకో రెండు ఊళ్లు చూసొచ్చాడు, తర్వాత ఇంకొకటి ఉంది. పాప వంతు వచ్చినప్పుడు అతనే అడిగాడు, "కళ్లెందుకు ఇంత ఎర్రగా ఉన్నాయి?" అని.

"కోతలు కదండీ, ఘాటు" అన్నాను.

అతను తల ఊపాడు. ఇంత అనుభవమున్న మనిషి చెబుతుంటే ఊపడా మరి. పాపను బల్ల మీద నుంచి నేనే దించాను. బయట బండి వెళ్లిపోయిన చప్పుడు విన్నాక నాకు భయం వేసింది. రెండు నిమిషాలు. తర్వాత పిల్లల అన్నం ఫోటో తీసి ఆఫీసు వాళ్లకు ఫోన్లో ఎక్కించే పనిలో పడ్డాను.

చిన్న టీచరు తిరిగొచ్చి ఇంకా బ్యాగు దించకుండానే అడిగింది. "చూశారు. ఘాటే అన్నారు" అని చెప్పాను. అతను అనలేదు, అన్నది నేను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని "హమ్మయ్య" అంది. నేననుకున్నది జరిగింది కదా, సంతోషం రావాలి. రాలేదు. ఆ రోజు మజ్జిగ గిన్నె తోమి తోమి ఆయా చేత "చిల్లు పడుద్ది టీచరుగారూ" అనిపించుకున్నాను.

ఏప్రిల్ చివరికి కోతలు అయిపోయాయి. కళ్లాలు ఖాళీ అయ్యాయి, లారీలు గుంటూరు మిర్చి యార్డుకు పోయాయి. మజ్జిగ గిన్నె ఇంటికి తెచ్చేసుకున్నాను. మేలో మాకు వంతులవారీగా సెలవులు. ముందు చిన్న టీచరు పుట్టింటికి వెళ్లింది. గది మళ్లీ నాది ఒక్కదానిదే అయింది. పిల్లలు మళ్లీ నా దగ్గరకే వచ్చారు, వేరే దిక్కు లేదు కాబట్టి. పాప కూడా వచ్చింది. మిగతా పిల్లల కళ్లు తెల్లగా, తేటగా ఉన్నాయి. పాప ఎడమ కన్ను మాత్రం ఎర్రగానే ఉంది. గుమ్మం బయట ఎండలో నిలబడి, ఆ కన్ను గట్టిగా మూసుకుని నా వైపు చూసి నవ్వింది. ఊళ్లో ఎక్కడా కాయ లేదు. ఇక ఏ ఘాటు మీదకు నెట్టను?

అన్నాలు పెట్టే వేళ పాపను పక్కకు పిలిచాను. కుడి కన్ను నా అరచేత్తో మూశాను. ఏడవబోయింది. "గుడ్డు తీసుకో అమ్మా" అని ఉడికించిన గుడ్డు ముందు పెట్టాను. చెయ్యి చాపింది. గుడ్డు పక్కన, జానెడు దూరంలో, ఏమీ లేని చోట పట్టుకుంది. వేళ్లు మూసి, తెరిచి, మళ్లీ వెతికింది. నేను గుడ్డును ఆ చేతిలోకి జరిపాను.

మర్నాడే వాళ్లమ్మను వెంటబెట్టుకుని గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. చిన్న టీచరుకు ఫోన్ చేయలేదు. ఆమె రాస్తే నేను దాచిన చీటీ కాక, నా చేత్తో కొత్త చీటీ రాశాను. అప్పటికి కూడా నా బుద్ధి మారలేదు మరి. తీసుకెళ్లింది నేనే అనిపించుకోవాలని ఉంది. బస్సులో పాప తల్లి నా చెయ్యి పట్టుకుని, "మీరు కాబట్టి కనిపెట్టారు టీచరమ్మా. ఇంకెవురికి పట్టుద్ది మా పిల్ల సంగతి?" అంది. గుంటూరు వచ్చే దాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

అక్కడి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. పాపకు రెండు కళ్లలో చూపు సమానంగా లేదట. ఎడమ కన్ను మసకగా చూస్తుంటే మెదడు ఆ కంటిని వాడటం మానేసిందట. అద్దాలు పెట్టాలి. దాంతోపాటు మంచి కంటి మీద రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, బద్ధకించిన కంటి చేత బలవంతంగా పని చేయించాలి. చిన్న వయసు కాబట్టి దారికి రావచ్చు, కానీ ఎంత ఆలస్యమైతే అంత కష్టమని చెప్పింది. తర్వాత కాగితం మీద రాస్తూ, "మొదట ఎప్పుడు గమనించారు?" అని అడిగింది.

పాప తల్లి నా వైపు తిరిగింది. "ఎప్పుడు చూశారు టీచరమ్మా? మొన్నేగా?"

మొన్నే అనేస్తే అయిపోయేది. నా నోటిదాకా వచ్చింది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని చూస్తోంది. ఆమె రాసేదాన్ని బట్టే పాపకు మందు. అక్కడ కూడా అబద్ధం చెబితే నేనింక టీచరుని కాదు, మనిషిని కూడా కాదు.

"జనవరిలో. చూసింది నేను కాదు, మా చిన్న టీచరు. చీటీ కూడా రాసిచ్చింది. నేనే ఘాటేలే అని పక్కన పెట్టాను. బండిలో డాక్టరొచ్చినప్పుడు కూడా నేనే చూపించలేదు" అన్నాను.

డాక్టరమ్మ జనవరి అని రాసుకుంది. పాప తల్లి నా చేతి మీద నుంచి చెయ్యి తీసింది. తిరుగు బస్సులో పిల్లను తన ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు కూర్చుంది. ఊరు వచ్చాక దిగి, నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగింది.

"నాలుగు నెలలు టీచరమ్మా. చేతులు కడుక్కోకపోతే బిడ్డనియ్యవు కదా నువ్వు" అంది.

అన్నేళ్లలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

చిన్న టీచరు సెలవు నుంచి వచ్చాక అన్నీ చెప్పాను, ఆమెతో ఆడిన అబద్ధం కూడా. క్షమిస్తుందని, నా చేతులు పట్టుకుంటుందని ఏ మూలో అనుకున్నాను. పట్టుకోలేదు. కిందకు చూస్తూ, "నేను మళ్లీ అడగాల్సిందండి. మీరేమంటారోనని ఊరుకున్నాను. అది నా తప్పు" అంది. తర్వాత తలెత్తి, "ఇంకోసారి ఇలా అయితే మిమ్మల్ని దాటుకుని పోతానండి" అంది. పొమ్మన్నాను.

ఇక పట్టీ సంగతి. తల్లి చేనికి పోతుంది కాబట్టి ఇంట్లో పాప పట్టీ పీకేస్తోంది. రోజూ తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మా దగ్గరే వేయాలని తేలింది. మొదటి రోజు చిన్న టీచరు పట్టీ చేతిలోకి తీసుకుని, "నేను పెడతానండి, నా మాట వింటుంది" అంది.

"నీ మాట వింటది కాబట్టే నువ్వు పెట్టొద్దు. ఇట్టా తే" అన్నాను.

మంచి కన్ను మూస్తే ఆ పిల్లకు లోకం మసక. ఆ పని రోజూ చేసే మనిషిని ఏ పిల్లా ప్రేమించదు. ఏడ్చినప్పుడు పారిపోవడానికి ఒక ఒడి ఉండాలి. ఆ ఒడి, ఈ చెయ్యి ఒకళ్లవే అయితే పాపకు దిక్కు లేదు. ఈ మాత్రం లెక్క తెలియడానికి నాకు ఏ శిక్షణా అక్కర్లేకపోయింది.

ఆ రోజు పాప నన్ను గిల్లింది, తన్నింది, నా కొంగు పట్టుకుని లాగింది. పట్టీ అంటించి వదలగానే గోడ తడుముకుంటూ పోయి చిన్న టీచరు ఒళ్లో మొహం దాచుకుని, "పెద్ద టీచర్ చెడ్డది" అంది. చిన్న టీచరు కాదని చెప్పబోయింది. వద్దని తల అడ్డంగా ఊపాను. చెడ్డదనే ఉండనీ. మర్నాడు నేను గేటు దగ్గర కనపడగానే పాప వెనక్కి పరుగెత్తింది. ఆ తర్వాత నెలంతా అదే. నా అసూయ ఎక్కడికీ పోలేదు. ఆ రెండు చేతులూ ఆ మెడ చుట్టూ పడటం చూసినప్పుడల్లా లోపల మండుతూనే ఉంది, ఇప్పటికీ మండుతుంది.

మూడు నెలల తర్వాత ఆసుపత్రిలో పాప ఎడమ కంటితో గోడ మీద బొమ్మల్లో ఇంకో రెండు వరుసలు చెప్పింది. ఆ మాట వాళ్లమ్మ వచ్చి చిన్న టీచరుకే చెప్పింది. నేను అక్కడే చాపలు దులుపుతూ విన్నాను.

పట్టీ తీసేటప్పుడు జిగురు లాగితే చర్మం మండుతుంది. అందుకని ఒంటిగంటకు అంచుల వెంబడి కొబ్బరినూనె రాసి నానబెట్టాలి. అప్పుడు మెల్లగా ఊడి వస్తుంది, పాప రెండు కళ్లూ తెరిచి ఎదురుగా ఉన్న మొహాన్ని చూసి నవ్వుతుంది. రోజంతటిలో ఆ పిల్ల అంత బాగా నవ్వేది అప్పుడే. నేను కొబ్బరినూనె సీసా మూత తీసి చిన్న టీచరు పక్కన పెట్టి, గిన్నెలు చూసే వంకతో పంపు దగ్గరకు వెళ్లిపోతాను.